కాచుటా? దాచుటా?

2023 వేసవి సెలవులకు మా మనుమరాలు పట్నము నుండి మా ఊరు వచ్చింది. ఏడవ తరగతి పూర్తి చేసిన పిల్ల. బడివారు సెలవులలో చేయుమని ఇచ్చిన పనులలో ఒకటి ఇది: ఇంగ్లీషులో వాడుకలో ఉన్న ఒక చిన్న క్రియను ఎన్నుకొని, దానికి ఎన్ని అర్థములున్నవో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక్కొక్క అర్థమునకు ఒక్కొక్క వాక్యము వ్రాయవలెను. మా పిల్ల 'కీప్' అనే మాటను ఎన్నుకొంది.

మేము భార్యాభర్తలము. మాలో ఒకరు ముప్పయి ఏండ్లు పల్లెబడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవారు. మరొకరు సంఘములో స్త్రీల కూటము చూచుకొనేవారు. "కీప్ అంటే ఏమిటి తాతయ్యా, అమ్మమ్మా?" అని పిల్ల అడిగితే ఇద్దరమూ ఒక్కసారే "ఉంచుకొనుట" అన్నాము. అంతటితో పని తీరిపోయిందనుకున్నాము. కాని ఆ మాట అంత తేలికగా మమ్మును విడిచిపెట్టలేదు.

మొదట అది మాకు ఆటగానే ఉండెను. మన పల్లెలలో ఎంత చదువురానివారికైనా తెలిసిన ఇంగ్లీషు వాక్యము ఒకటున్నది: 'కీప్ క్వైట్'. బడిలో బెత్తముతో పాటు నేర్చుకొన్న మాట అది. అక్కడ ఉంచుకొనేదేమీ లేదు. నోరు మూసికొని ఉండుటే. కోళ్లను కీప్ చేయుట అంటే పెంచుట. లెక్కలను కీప్ చేయుట అంటే వ్రాసి పెట్టుట. మాటను కీప్ చేయుట అంటే నిలబెట్టుకొనుట. రహస్యమును కీప్ చేయుట అంటే ఎవరికీ చెప్పకుండుట. వాన మనలను ఇంటిలో కీప్ చేసిందంటే బయటికి పోనీయలేదని అర్థము. 'కీప్ రీడింగ్' అంటే ఆపకుండ చదువుతూ ఉండుమని. 'కీప్ ఎవే' అంటే దూరముగా ఉండుమని. అమ్మమ్మ పెట్టిన ఆవకాయ ఏడాది కీప్ అవుతుందంటే చెడకుండ నిలువ ఉంటుందని. చిల్లర కీప్ చేసికొమ్మంటే తిరిగి ఇవ్వనక్కరలేదు, నీవే తీసికొమ్మని. దుకాణము నడిపేవాడు షాప్ కీపర్, క్రికెట్‌లో వికెట్ల వెనుక నిలిచేవాడు వికెట్ కీపర్. మన ఊళ్లలో ఆ మాటకు పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకొనే చెడ్డ అర్థము ఒకటున్నది; దానిని మేము పిల్లకు చెప్పలేదు.

"ఒకే మాటకు ఇన్ని అర్థాలా! ఇంగ్లీషువాళ్లకు మాటలు కరువా తాతయ్యా?" అని పిల్ల నవ్వింది. మాటలు కరువు కాదు. వారు ఒకే మాటను పది పనులకు వాడుకొంటారు. పక్కనున్న మాటలను బట్టి అర్థము తెలుసుకొంటారు. మనము పది పనులకు పది మాటలు వాడుకొంటాము. కనుక వారి మాటను తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు, ఇక్కడ జరుగుతున్న పని ఏది అని మనము ముందుగా తేల్చుకోవలెను. తేల్చుకోకుండ తెలుగు చేయలేము.

ఆ సాయంకాలము మా గురువుగారు ఇంటికి వచ్చారు. పిల్ల తన నోటుపుస్తకము చూపించింది. ఆయన సంతోషించి, "బైబిలులో కూడ ఈ మాట ఎన్నో చోట్ల ఉన్నదమ్మా. ఇంగ్లీషు బైబిలును, మన తెలుగు బైబిలును పక్కపక్కన పెట్టి చూడు" అన్నారు. మా దగ్గర 1611లో మొదట అచ్చయిన కింగ్ జేమ్స్ తర్జుమా ప్రతి ఒకటి ఉన్నది. రెండు పుస్తకములు బల్లమీద తెరిచి నలుగురము కూర్చున్నాము.

ఏదెను తోటలో దేవుడు ఆదామును ఉంచినది దానిని సేద్యపరచుటకును కీప్ చేయుటకును. తెలుగులో ఆ మాటకు 'కాచుట' అని ఉన్నది (ఆది 2:15). తమ్ముడు ఎక్కడ అని దేవుడడిగినప్పుడు, వానికి తాను కీపరునా అని కయీను ఎదురు ప్రశ్న వేశాడు. తెలుగులో అది 'కావలివాడు' (ఆది 4:9). అహరోను ప్రజలను దీవించవలసిన దీవెనలో అది 'కాపాడుట' (సంఖ్యా 6:24). ప్రభువును ప్రేమించువారు ఆయన ఆజ్ఞలను 'గైకొందురు' (యోహాను 14:15). విశ్రాంతిదినమును 'ఆచరించుట' (ద్వితీ 5:12). బేత్లెహేము పొలములో గొల్లలు మందను 'కాచుకొనుట' (లూకా 2:8). మరియ ఆ సంగతులన్నిటిని హృదయములో 'భద్రము చేసికొనుట' (లూకా 2:19). పౌలు తన విశ్వాసమును 'కాపాడుకొనుట' (2 తిమోతి 4:7). ఇంగ్లీషులో ఈ చోట్లన్నిటిలోను ఉన్నది ఒక్క కీప్ అనే మాటే.

గురువుగారు ఇంకొక సంగతి చెప్పారు. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో 'షామర్' అనే ధాతువు ఉన్నది. ఏదెనులో ఆదాము చేయవలసిన పనికి, కయీను కాదన్న పనికి, అహరోను దీవెనలో దేవుడు చేసే పనికి, మూడింటికి మూలములో ఆ ధాతువే ఉన్నది. నూట ఇరువది యొకటవ కీర్తనలో అది ఆరుసార్లు వచ్చింది. కింగ్ జేమ్స్ తర్జుమా చేసినవారు మూడుసార్లు కీప్ అనియు, మూడుసార్లు వేరొక మాటయు వాడారు. మన తెలుగులో ఆరుసార్లూ 'కాపాడు' అనే మాటే ఉన్నది. "ఇక్కడ మన తెలుగే హెబ్రీకి దగ్గరగా నిలిచింది" అని గురువుగారు అంటే మాకు ఎంతో సంతోషము కలిగింది. ప్రార్థన చేసి ఆయన వెళ్లారు.

మరునాడు పిల్లను తీసుకొని చేనివైపు వెళ్లాము. దాళ్వా కోత అయిపోయి చేలు ఎండి ఉన్నవి. మా అర ఎకరమును ఆనుకొని ఇంకొక అర ఎకరమున్నది. "ఇది ఎవరిది?" అని పిల్ల అడిగింది. "మీ చిన్న తాతయ్యది. ఆయన ఊరిలో లేడు గనుక మేము చూస్తున్నాము" అన్నాము. ఆ మాట పదేండ్లుగా ఎవరడిగినా చెప్పుచున్న మాటే. నోటికి అలవాటైపోయింది.

ఆ రాత్రి భోజనములైన తరువాత పిల్ల బైబిలు వెనుకనున్న పదముల పట్టిక చూస్తూ ఇంకొక వచనము పట్టుకొంది. అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయము, రెండవ వచనము. అననీయ పొలము అమ్మి, దాని వెలలో కొంత 'కెప్ట్ బ్యాక్'. తెలుగులో 'దాచుకొని' అని ఉన్నది. "ఇది కొత్త అర్థము తాతయ్యా! నిన్నంతా కాచుట, కాపాడుట అని వ్రాశాము. ఇక్కడ దాచుకొనుట" అని గబగబ వ్రాసికొంది. తరువాత తాను స్వయముగా కట్టిన ఒక వాక్యము చదివి వినిపించింది. మా తాతయ్య, అమ్మమ్మ మా చిన్న తాతయ్య పొలమును కీప్ చేస్తున్నారు అని దాని అర్థము. కలము పట్టుకొని మా ముఖములు చూచి అడిగింది: "దీనికి ఏ అర్థము వ్రాయను? కాచుటా? దాచుటా?"

పిల్ల మనసులో ఏమీ లేదు. అది పాఠమును గూర్చి అడిగిన ప్రశ్నే. అయితే మేమిద్దరము ఒకరి ముఖము ఒకరము చూచుకొనలేకపోయాము. "నిద్ర వస్తున్నది, రేపు చూద్దాము" అని దీపము తీసివేశాము. పిల్ల నిద్రపోయింది. మాకు నిద్ర రాలేదు.

సంగతి ఏమిటో దాపరికము లేకుండ చెప్పెదము. మాలో ఒకరికి తమ్ముడు, ఒకరికి మరిది అయిన ఆ మనిషి రొయ్యల చెరువులో నష్టపోయి అప్పులపాలై 2013 మే నెలలో భార్యాబిడ్డలతో హైదరాబాదు వెళ్లిపోయాడు. వెళ్లేముందు పట్టాదారు పాసుపుస్తకము మా చేతిలో పెట్టి, "అన్నయ్యా, వదినా, చేను చూస్తూ ఉండండి. నిలదొక్కుకున్నాక వస్తాను" అన్నాడు. ఆ యేడు సంక్రాంతికి బియ్యము పంపించాము. మరుసటి యేడు మా రెండవ అమ్మాయి పెండ్లి వచ్చింది, పంపలేదు. ఆ తరువాత ఇంటికి శ్లాబు వేశాము. అతడు అడగలేదు, మేము చెప్పలేదు. కొన్నాళ్లకు క్రిస్మసుకు ఫోను చేయుట కూడ మానివేశాడు. "వాడే దూరమైపోయాడు" అని మేము బంధువులతో అన్నాము.

మాకు మేము చెప్పుకొన్న సాకులు చాల ఉన్నవి. ఎరువు మాది, కూలి మాది. మేము చూడకపోతే ఎవరైనా ఆక్రమించుకొందురు. ఇవి అబద్ధములు కావు. కాని ఆ చేను ఇంకొకరికి ఇచ్చి ఉంటే వారు మక్తా కొలిచేవారు గదా? మేము కొలవలేదు. తమ్ముని చేనికి కావలి ఉన్నామని లోకముతో అంటూ, దాని పంటను మా గాదెలో పోసికొన్నాము. అననీయ చేసిన పని అతని భార్యకు కూడ తెలుసునని ఆ వచనములోనే ఉన్నది. మా ఇంటిలోను అంతే. ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ మాట్లాడలేదు.

తెల్లవారిన తరువాత కాగితము తీసికొని లెక్క వ్రాశాము. మా వైపు ఆ అర ఎకరమునకు రెండు పంటలకు కలిపి ఏడాదికి 12 బస్తాల మక్తా వస్తుంది. బస్తా 75 కిలోలు. అంటే ఏడాదికి 9 క్వింటాళ్లు. పదేండ్లకు 120 బస్తాలు. ఏ యేటికాయేడు సాధారణ రకము వడ్లకు ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర వేసి చూచాము. 2013లో క్వింటాలుకు 1,310 రూపాయలు, 2022లో 2,040 రూపాయలు. పదేండ్లకు కలిపి 1,48,617 రూపాయలు తేలింది. లేవీయకాండము ఆరవ అధ్యాయములో, పొరుగువాడు కీప్ చేయుమని అప్పగించిన దానిని గూర్చి అబద్ధమాడినవాడు ఆ మూలధనమును ఇచ్చి, దానిలో అయిదవ వంతు కలిపి ఇవ్వవలెనని ధర్మశాస్త్రమున్నది. అయిదవ వంతు 29,723 రూపాయలు. మొత్తము 1,78,340 రూపాయలు. ఆ అంకె క్రింద ఇద్దరము సంతకము చేశాము.

ఎలీషా కాలములో షూనేము స్త్రీ కరవు వలన ఏడేండ్లు ఫిలిష్తీయుల దేశములో ఉండి తిరిగి వచ్చినప్పుడు, రాజు ఆమె ఇంటిని పొలమును ఇప్పించుటయే కాదు, ఆమె వెళ్లిన దినము మొదలుకొని ఆ పొలము పండిన పంటను కూడ ఇప్పించాడు (2 రాజులు 8). ఎన్నోసార్లు చదివిన భాగమే. మాలో ఒకరు స్త్రీల కూటములో దాని మీద వాక్యము కూడ చెప్పారు. కాని అది మా గాదెను గూర్చి వ్రాయబడినదని మాకు తోచలేదు.

ఆదివారము ఆరాధన తరువాత ఫోను చేశాము. లెక్క అంతా చెప్పాము. అటునుండి చాలసేపు మాట లేదు. తరువాత అతడు అన్నాడు: "పంట మాట సరే వదినా. నేను బతికున్నానో లేదో ఈ పదేళ్లలో ఒక్కసారి వచ్చి చూశారా?"

మేము దానికి లెక్క వేయలేదు. కాగితము మీద పొలమున్నది, వడ్లున్నవి, రూపాయలున్నవి, తమ్ముడు లేడు. కయీనును దేవుడు అడిగినది పొలమును గూర్చి కాదు, తమ్ముని గూర్చి గదా.

ఆ వారములోనే రైలెక్కి హైదరాబాదు వెళ్లాము. అతడు ఒక అపార్టుమెంటుకు కావలివాడు. సెల్లారులో ఒక గది, అందులో సంసారము. పగలు బండ్లు కడుగుతాడు, రాత్రి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. పరమగీతములో ఒక స్త్రీ ఇతరుల ద్రాక్షతోటలకు తాను కావలి కాచి తన సొంత తోటను కాచుకొనలేకపోయితినని చెప్పుకొనే మాట మాకు జ్ఞాపకము వచ్చింది. ఇతడు పరులకు కావలి కాయుచుండగా ఇతని చేనికి కావలి ఉన్నామన్నవారు మేము.

ఆ రాత్రి మేము కూడ గేటు దగ్గరే కూర్చున్నాము. మొదట మాటలు సాగలేదు. పదకొండు దాటిన తరువాత మా అమ్మను గూర్చి, చిన్ననాటి బడిని గూర్చి కొంత మాట్లాడుకొన్నాము. రెండు గంటలకు మాకు కునుకు పట్టింది. ఏదో బండి హారను వినబడి ఉలిక్కిపడి చూస్తే, అతడు అప్పటికే లేచి గేటు తీస్తున్నాడు. మా మీద ఒక దుప్పటి కప్పి ఉన్నది. ఎప్పుడు కప్పాడో మాకు తెలియదు. మమ్మును కాచినది అతడే. కాచుట అంటే మరియొకరి కొరకు మెలకువగా ఉండుట అని, ఏ నిఘంటువు చూడకుండనే, మాకు ఆ గేటు దగ్గర అర్థమైంది. మనలను కాపాడే దేవుడు కునుకని వాడని ఆ కీర్తనలో ఎందుకు వ్రాయబడిందో కూడ అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆ చేను మేము చేయుట లేదు. వేరొక రైతుకు ఇచ్చాము. మక్తా సొమ్ము నేరుగా తమ్ముని బ్యాంకు ఖాతాకు పోతుంది. పాసుపుస్తకము అతని చేతికి ఇచ్చివేశాము. బాకీలో మొదట లక్ష రూపాయలు ఇచ్చాము. మిగిలినది పంట పంటకు తీర్చుచున్నాము. 2023 కోతల పండుగకు అతడు వచ్చి మా పక్కన కూర్చొని ఆరాధించాడు. మా తోటికోడలు ఇంకా రాలేదు. ఆమె మనసు ఇంకా నొచ్చుకొనే ఉన్నది. తొందరపెట్టే హక్కు మాకు లేదు. నెలకొకసారి ఫోను చేసి, ఆమె మాట్లాడినంత మట్టుకు వింటున్నాము.

మనుమరాలు సెలవులు ముగిసి వెళ్లేటప్పుడు ఆ వాక్యము ఎదుట అర్థము వ్రాయకుండ ఖాళీ విడిచి వెళ్లింది. తరువాత ఫోనులో అడిగింది. "అప్పటికి దాచుటే అమ్మా. ఇప్పుడు కాచుట నేర్చుకొంటున్నాము" అని ఉన్నదున్నట్లు చెప్పాము. పిల్లలకు నిజము చెప్పుట మంచిదని మా నమ్మకము.

ప్రియ పాఠకులారా, తెలుగులో ఈ రెండు మాటలకు తేడా ఒక్క అక్షరమే. అందుకే ఒకటి చేస్తూ రెండవది చేస్తున్నామనుకొనుట సులభము. మీ బీరువాలో ఎవరి కాగితములున్నవి? మీ గాదెలో ఎవరి వంతు ఉన్నది? విధవరాలైన వదినె పొలమా, అమ్మ మీకు అప్పగించిన చెల్లెలి నగయా, సంఘపు సొమ్మా? ఆడపిల్లకు భాగమెక్కడిది అనే క్రైస్తవ కుటుంబములు నేటికీ ఉన్నవి. వీలునామా లేకుండ తండ్రి మరణిస్తే క్రైస్తవ కుటుంబములో కుమార్తెకు కుమారునితో సమాన భాగమని 1925 నాటి భారత వారసత్వ చట్టమే చెప్పుచున్నది. ఆమె అడగలేదు గనుక మనది కాదు. మా తమ్ముడు కూడ అడగలేదు.

పొలముతో ఆగిపోకండి. ఆ పొలముగల మనిషి ఎట్లున్నాడో వెళ్లి చూడండి. మేము ముందు లెక్క వ్రాసి తరువాత మనిషి దగ్గరకు వెళ్లాము; మీరు ముందు మనిషి దగ్గరకు వెళ్లండి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో నూట ఇరువది యొకటవ కీర్తన చదువుకొనండి. 'కాపాడు' అనే మాట వచ్చిన ఆరుసార్లూ ఒక్క క్షణము ఆగండి. ఆయన మనలను కాచుచున్నాడు. ఆయన కాచుచున్నవారమైన మనము ఎవరిని కాచుచున్నామో, ఎవరిది దాచుచున్నామో ఆయనే మనకు చూపించును గాక. ఆమేన్.